జ్ఞానకుమారి పట్టుకున్న ముప్పై ఎనిమిది

మా ఊరి బడిలో ఇరవయ్యో ఎక్కం దాకా ముందూ వెనకా అప్పజెప్పి పలక బహుమానం తీసుకున్నవాణ్ణి నేను. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ రికార్డు రూములో ముప్పై మూడేళ్లు చేశాను, ఒక్క ఫైలు పోనివ్వలేదు. అయినా మా ఇంట్లో లెక్క తెలిసిన మనిషి నా భార్య జ్ఞానకుమారే. రేపల్లె పిల్ల. ఇరవై తొమ్మిదేళ్లు నర్సు. ఆమె నాడి పట్టి చెప్పిన అంకెను డాక్టర్లు మళ్లీ చూసేవారు కాదు.

2007 వేసవిలో ఢిల్లీ పక్కన వైశాలిలోని మా ఫ్లాట్‌లో మధ్యాహ్నం కరెంటు పోతే మాకో ఆట. మనవరాలు ఆరాధన కంప్యూటరు పాఠం చూసి నేర్చుకున్నాం. ఎత్తిన వేలు ఒకటి, ముడిచిన వేలు సున్నా. నా కుడి చిటికెన వేలి విలువ ఒకటి. అక్కణ్ణుంచి వేలు వేలుకీ రెట్టింపు. ఎదురుగా కూర్చున్న ఆమెకు సంఖ్య తిరగబడి కనిపిస్తుంది; నేను ఎత్తిన చివరి వేలే ఆమెకు ఒకటి. అటు చూసినా ఇటు చూసినా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమే కావాలి. నేను ముప్పై అయిదు పడితే ఆమెకు నలభై తొమ్మిది. ఐదేడ్లు, ఏడేడ్లు. రెండూ చెల్లాయి.

అలా అరవై లోపల తొమ్మిది సంఖ్యలు తేల్చి, ఇలాంటి సంఖ్యల వరుసలు భద్రపరిచే ఒక వెబ్‌సైటుకు నా పేరుతో పంపాను. జవాబు వచ్చింది: ఒక సంఖ్య తప్పిపోయింది, రెండు వారాల్లో సరిచేయకపోతే వరుస తీసేస్తాం. అప్పటికే చర్చిలో అందరికీ చెప్పేశాను.

"ముప్పై ఎనిమిది వదిలేశారు గదండీ," అంది జ్ఞానకుమారి.

"అది చెల్లదు. నీ వైపు నుంచి ముందు సున్నా వస్తుంది."

"వస్తే ఏం? దాని వెనకాల ఇరవై అయిదు ఉంది. ఐదైదులు."

"మా రికార్డు రూములో సున్నా రెండు అయిదు వేరు, రెండు అయిదు వేరు. అల్మారాలే వేరు. కలిపితే మెమో ఇచ్చేవారు."

"రిటైరై ఆరేళ్లయింది, ఆ అల్మారా ఇంకా మోస్తున్నారా? వేళ్లకు ఫైలు నంబరుంటుందా? పదహారు, ఎనిమిది, ఒకటి. కూడండి."

"అమ్మమ్మ సహీ బోల్ రహీ హై, తాతయ్యా," అమ్మమ్మదే రైటని హిందీలో అంది ఆరాధన, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

కూడాను. ఇరవై అయిదే.

నెట్ సెంటరులో సవరణ ఫారంలో, సరిచేసింది ఎవరు అని అడిగారు. ముందు నా పేరే కొట్టాను. చెరిపి ఆమె పేరు కొట్టాను. పదో రోజున వరుస ఖాయమైంది.

ఆదివారం చర్చిలో, ఆమె పేరుతో నేను అచ్చు తీయించిన వరుస కాగితం చూసి పాస్టరుగారు ఆమెను మెచ్చుకున్నారు.

"ఆయన తొమ్మిది కనిపెట్టారండీ, నాది ఒక్కటే," అంది.

ఆ ఒక్కటీ లేకపోతే నా తొమ్మిదీ నిలిచేవి కావని అందరి ముందూ నేనే చెప్పాను. సరిగా వినపడలేదంటూ మళ్లీ చెప్పించుకుంది.