డోర్ల సర్వే కోసం పెళ్ళిళ్ళకి వెళ్ళాను

గుడివాడ పెళ్ళిలో నన్ను కారు దొంగ అని పట్టుకున్నారని మీరు విన్నది నిజమే. కొట్టారన్నది మాత్రం అబద్ధం. కొట్టడానికి చొక్కా చేతులు మడుచుకున్నాక వంటవాళ్ళు టిఫిన్లు రెడీ అన్నారు, అంతే. టీ చెప్పండి, మొదటినుంచి చెప్తాను.

బందరు కోనేరు సెంటర్ దగ్గర నా షాపు మీకు తెలిసిందే. కార్లకి సీటు కవర్లు, స్టీరింగ్ కవర్లు, అద్దాలకి నల్ల ఫిలిం. ఆ గది మా మావయ్యగారిది, అంటే మా సుజాత వాళ్ళ నాన్నగారిది. పక్కనే ఆయన ఎరువుల కొట్టు. ఏడాదంతా నా షాపులో ఈగలు తప్ప ఎవరూ రాకపోవడం ఆయన ఆ కౌంటర్లోంచి చూస్తూనే ఉన్నారు. "అల్లుడుగారూ, ఉగాది దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ గదిలో యూరియా వేసుకుంటాను, మీరొచ్చి నా కొట్లో కూర్చోండి" అన్నారు. ఎరువుల వాసన తగిలితే నాకు వరసగా తుమ్ములు. పైగా మావయ్యగారి పక్కన రోజంతా కూర్చోవాలి. ఏది ఎక్కువ భయమో ఇప్పటికీ చెప్పలేను.

సరిగ్గా అప్పుడే విజయవాడ హోటల్లో ఒక కంపెనీ వాళ్ళు డీలర్ల మీటింగ్ పెట్టారు. ఏమిటయ్యా అంటే డోర్ మాడ్యూల్. కారు డోరులో అద్దం ఎక్కించే మోటారు, లాకు, స్పీకరు, వైర్లు అన్నీ ఒకే ప్లేటు మీద బిగించి వస్తాయిట. పాతది పీకెయ్యడం, కొత్తది తగిలించడం, పని అయిపోయింది. మన మెకానిక్కులు డోరులో మోచేతిదాకా చెయ్యి పెట్టి తడుముకునే రోజులు పోయాయన్నమాట. నాకు ఒళ్ళు పులకరించింది. ఏజెన్సీ మా ఏరియాకి నాకివ్వండి అని మేనేజర్ మూర్తిగారిని పట్టుకున్నాను. ఆయన హైదరాబాదు మనిషి, ఏదీ కాయితం మీద లేకపోతే నమ్మరు. "మీ ఏరియాలో మార్కెట్ ట్రెండ్స్ ఎలా ఉన్నాయి, గ్రోత్ ప్రాస్పెక్ట్స్ ఏమిటి, ఒక రిపోర్టు పంపండి ప్రసాద్‌గారూ" అన్నారు.

మర్నాడు పొద్దున్నే రైటింగ్ ప్యాడ్ పట్టుకుని సెంటర్లో నిలబడ్డాను. మధ్యాహ్నం దాకా లారీలు, ట్రాక్టర్లు, మోపెడ్లు. కార్లు రెండు. అందులో ఒకటి వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే సుజాత అంది, "కార్లు చూడాలంటే రోడ్డు మీద ఏముంటాయండీ? పెళ్ళిళ్ళకి వెళ్ళండి. ఈ నెలంతా ముహూర్తాలే."

చూశారా, ఇంట్లో ఇంత తెలివి పెట్టుకుని నేను సెంటర్లో ఎండలో నిలబడ్డాను.

శుభలేఖలకి మనకి కొదవా? సుజాత వాళ్ళవైపు చుట్టాలే ఊరూరా ఉన్నారు. మొదట మొవ్వ. పట్టుపంచె కట్టుకుని, ప్యాడ్ చంకలో పెట్టుకుని, అక్షింతలు వేసి, నేరుగా కార్ల దగ్గరికి. తొమ్మిది కార్లు. ప్రతిదానికీ లాకు లాగి చూడటం, అద్దం ఎంత గట్టిగా ఉందో రెండు చేతులతో కిందకి నొక్కి చూడటం, రాసుకోవడం. ఎండకి డ్రైవర్లు అద్దాలు నాలుగు వేళ్ళ మందం దించి పెడతారు కదా, నొక్కడానికి వీలుగా ఉంటాయి. ఒక తెల్ల కారుకి ఎడమవైపు వెనక అద్దం నొక్కగానే కటుక్కున జారి సగంలో ఆగిపోయింది. అరిగిపోయిన డోరు, తప్పకుండా మార్చాలి అని రాసుకుని భోజనానికి వెళ్ళాను. పూర్ణాలు చాలా బాగున్నాయి.

రెండోది నందివాడ. పన్నెండు కార్లు. అక్కడా ఒక తెల్ల కారు, దానికీ ఎడమవైపు వెనక అద్దం సగంలోనే ఆగి ఉంది. మూడోది అవనిగడ్డ. పద్నాలుగు కార్లు. మళ్ళీ తెల్ల కారు, మళ్ళీ అదే అద్దం. నంబరు చూసుకోలేదా అని అడగకండి. సుజాత అడిగేసింది. నంబరు ముందూ వెనకా ఉంటుంది, నేను చూస్తున్నది డోర్లు.

రిపోర్టు రాశాను చూడండి, అలాంటిది నా డిగ్రీలో కూడా రాయలేదు. పది రోజుల్లో కార్లు తొమ్మిది నుంచి పద్నాలుగుకి పెరిగాయని గ్రాఫ్ గీశాను. గీత మొవ్వలో బయల్దేరి అవనిగడ్డ చేరేసరికి కాయితం చాల్లేదు, ఇంకో కాయితం అంటించాను. మొత్తం ముప్ఫై అయిదు కార్లు. ప్రజలు తెలుపు రంగు ఇష్టపడుతున్నారు అని ఒక ముక్క. చివర్లో అసలైంది: ఎడమవైపు వెనక డోరు అద్దం సగంలో ఆగిపోయే సమస్య మూడు మండలాల్లోనూ ఉంది, కారణం సముద్రపు ఉప్పుగాలి కావచ్చు.

మూర్తిగారు ఆ చివరి ముక్కకి పడిపోయారు. వెంటనే ఫోన్. "ఉప్పుగాలి ఎడమ డోరునే ఎందుకు పాడుచేస్తోందండీ?" అన్నారు. సముద్రం అటువైపే కదండీ అన్నాను. "నేనే వచ్చి చూస్తాను" అన్నారాయన.

అదిగో, అలా పోయిన నెల ఒక ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని గుడివాడ పెళ్ళికి వెళ్ళాను. కల్యాణమండపం ముందు వరసగా కార్లు. నా అదృష్టం, అక్కడా ఒక తెల్ల కారు, ఎడమవైపు వెనక అద్దం సగంలో. "చూశారా సార్, నాలుగో మండలం" అని గర్వంగా చెప్పి, లోపల మెకానిజం చూపిద్దామని ఆ సందులోంచి చెయ్యి పెట్టాను.

"ఏంటండీ, దొంగతనం చేస్తున్నారా?" అని వెనకాల ఎవరో మర్యాదగానే అడిగారు.

తిరిగి చూస్తే ఆ కారు డ్రైవరు, కోటేశ్వరరావుట పేరు. నా మణికట్టు పట్టుకుని, చుట్టూ చేరినవాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు. "మొవ్వలో చూశానండి ఈయన్ని, ఆడపెళ్ళివారనుకున్నాను. నందివాడలో చూశాను, మగపెళ్ళివారేమో అని ఊరుకున్నాను. అవనిగడ్డలో కూడా నా కారు చుట్టూనే తిరుగుతుంటే అప్పుడర్థమైందండి."

నేను సర్వే చేస్తున్నానండీ, కావాలంటే చూడండి అని ప్యాడ్ ఇచ్చాను. అదీ నా తెలివి. పెళ్ళికూతురి బాబాయిగారు కళ్ళజోడు పెట్టుకుని అందరికీ వినపడేలా చదివారు: "నాలుగో కారు, లాకు వదులు. ఆరో కారు, లాకు అసలు పడదు. ఏడో కారు, డ్రైవరు భోజనానికి వెళ్ళాడు." ఇక చదవక్కర్లేదన్నారు జనం. మూర్తిగారి వైపు చూస్తే ఆయన పందిరి గుంజ పక్కకి జరిగి, నన్ను పుట్టినప్పటినుంచీ ఎరగనట్టు సన్నాయి వింటున్నారు.

అప్పుడే దేవుడిలా వంటవాళ్ళు టిఫిన్లకి పిలిచారు. పెసరట్టు చల్లారితే ఎవరికి కావాలి? జనం సగం అటు వెళ్ళారు. మిగిలినవాళ్ళకి మూర్తిగారు ముందుకొచ్చి, కార్డు చూపించి, దొంగ కాదండీ మావాడే అని చెప్పారు. "మావాడే" అనేముందు కాస్త ఆలోచించారు.

కోటేశ్వరరావు చెయ్యి వదిలాడు గానీ కోపం వదల్లేదు. "దొంగ కాకపోతే మొవ్వలో నా అద్దం ఎందుకు పాడుచేశారండీ? బోరింగు కొట్టినట్టు రెండు చేతులతో కిందకి నొక్కారు, భోజనం బంతిలోంచి చూశాను. వచ్చేలోపు మాయమయ్యారు. వరస పెళ్ళిళ్ళు, బాగుచేయించే తీరిక లేదు. ఈ కారు మా మిల్లు అయ్యగారిదండి, ఈ చుట్టుపక్కల ఎవరింట పెళ్ళైనా పంపాల్సిందే."

మూర్తిగారు నావైపు చూశారు. "మూడు మండలాల సమస్య ఈ ఒక్క కారేనా?" అన్నారు. నేను సన్నాయి వినడం మొదలెట్టాను.

తర్వాత పెసరట్టు ముందు కూర్చుని ఆయన కోటేశ్వరరావుని అడిగారు, అసలీ ప్రాంతంలో పెళ్ళిళ్ళకి తిరిగే కార్లు ఎన్నని. "పద్నాలుగండి. ఏ పెళ్ళికైనా అవే" అని, వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయాడు. ఏ కారు ఎవరిది, దేని లాకు ఎందుకు పడదు, ఏ డోరులోకి వాననీళ్ళు కారతాయి, ఏ యజమాని కొత్తది అనగానే డబ్బు తీస్తారు, ఏ యజమాని భార్యకి చెప్తే పని అవుతుంది. మూర్తిగారు పెసరట్టు తినడం మానేసి రాసుకున్నారు. నా ప్యాడ్ మీదే, నా పెన్నుతోనే. నేను అల్లం చట్నీ వడ్డించాను.

ఏజెన్సీ కోటేశ్వరరావుకి ఇచ్చారు. గుడివాడలో మిల్లు అయ్యగారే గది ఇచ్చారుట. మొదటి మాడ్యూల్ ఆ తెల్ల కారుకే వేశారని, అద్దం వేలితో మీట నొక్కితే వెన్నలా ఎక్కుతోందని నాకే ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపొచ్చినంత పనైంది, అయినా కంగ్రాట్స్ అన్నాను. మంచివాడండీ, చెడ్డవాడైతే బాగుండేది.

ఉగాది దాకా ఆగడం ఎందుకని నిన్న నేనే వెళ్ళి ఎరువుల కొట్లో కూర్చున్నాను. గుడివాడ సంగతంతా మావయ్యగారికి అప్పటికే తెలుసు, ఆ పెళ్ళికి ఆయన తమ్ముడు కూడా వచ్చాడుట. అయినా పాపం, ఫ్యాను నావైపు తిప్పారు, తుమ్ములకి రుమాలు తెప్పించారు. ఊరికే కూర్చుంటే బాగోదని, లోడు దిగుతుంటే లేచి వెళ్ళాను, ఏమైనా సాయం చెయ్యనా అని.

"వద్దు అల్లుడుగారూ" అన్నారు, ఎంతో ప్రేమగా. "మీరు బస్తాలు ముట్టుకోకండి. లెక్క కూడా పెట్టకండి."