నడ్పి గంగారాం మూడు దినాల బేరం

నడ్పి గంగారాం పటేలు ఏది కొన్నా ఎద్దును కొన్నట్టే కొంటాడు. ఎద్దును కొనేవాడు ముందు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు, మూడు రోజులు ఇంట్లో కట్టి దున్ని చూస్తాడు. నచ్చకపోతే తిరిగి తోలుకొస్తాడు. ఎద్దుకైతే అది న్యాయమే. చీపురుకూ అదే పద్ధతంటే ఏం చెప్పను? కామారెడ్డి స్టేషన్ దగ్గర నా దుకాణంలో చీపురు తీసుకెళ్లి, మూడు రోజులు ఊడ్చి, "కుడిదిక్కు గుంజుతున్నది సేటూ" అని తిరిగిచ్చిన మహానుభావుడాయన.

అలాంటి మనిషి 1938 ఎండాకాలంలో నల్లద్దాలు కావాలని వచ్చాడు. అరవై ఏళ్లవాడు ఎల్లారెడ్డి నుంచి మోటారెక్కి వచ్చి, నల్లద్దాలు పెట్టుకుని, తలరుమాలు సర్దుకుంటూ అద్దంలో చూసుకుంటుంటే దుకాణంలో నవ్వనివాడు లేడు. కళ్లజోడు కాళ్లు వంచి చూశాడు. స్టేషన్ దాకా మూడుసార్లు నడిచొచ్చాడు.

"మూడు దినాలు కట్టి చూస్త."

"పటేలా, అది గడ్డి తినదు, నీళ్లు తాగదు. కట్టుడెందుకు?"

"తినకున్నా గుణం తెల్వాలె గద!"

నాలుగో రోజు తెచ్చిచ్చాడు. "మస్తు నలుపు. అడుగు పడ్తలేదు."

రెండోది, "ఎండకు ఆగుతలేదు." మూడోది, "ముక్కు మీద నిలుస్తలేదు, కాడి కింద నిలువని కోడె లెక్క." నాలుగోదీ ఐదోదీ, "పక్కలకెల్లి వెల్తురు జొర్తున్నది. దడి లేని దొడ్డి!"

బజారంతా ఆయన్ని షోకు పటేలనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆరో జోడు తీసుకెళ్లి తొమ్మిది రోజులైనా మనిషి జాడ లేదు. కోపమొచ్చి నేనే బయలుదేరాను. దారి దుమ్ము పడకుండా పక్కలకు తోలు కుట్టిన నా నల్లద్దాలు పెట్టుకుని మోటారెక్కాను.

ఎల్లారెడ్డిలో ఆయన ఇంటి తలుపులు పట్టపగలే మూసి ఉన్నాయి. కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. పిలవబోయేంతలో తలుపు తెరుచుకుంది. గంగారాం భార్య సాలవ్వ. నేనిచ్చిన ఆరో జోడు ఆమె కళ్లకుంది. పక్కల నుంచి వెలుతురు పడకుండా ఆయన తన రెండు అరచేతులూ ఆమె కణతల దగ్గర అడ్డం పెట్టి నడిపిస్తున్నాడు. ఆమె గడప దాటిందో లేదో, వేళ్ల సందుల్లోంచి ఎండ తగిలింది. "నాతోని కాదయ్యా!" అంటూ మొహం కప్పుకుని లోపలికి తిరిగింది.

నన్ను చూసి ఆయన తల దించుకున్నాడు.

"రెండేండ్లాయె సేటూ. ఎండ పడితే సూదులు గుచ్చినట్టు అయితదట. ఉన్న చూపు గూడ దసరాకు పోతదని డాక్టరు చెప్పిండు. గా లోపల ఒక్కసారన్న వాకిట్ల నిలబడి నా మొకం చూస్తనంటది."

"ఈ సంగతి నాకు చెప్పొద్దా పటేలా?"

"ఆమె కండ్లు పోతున్నయని నలుగుర్ల ఎట్ల చెప్పాలె? నన్ను చూసి నవ్వితే నవ్వనీ అనుకున్న."

లోపలికి వెళ్లాను. పక్కలకు తోలున్న నా అద్దాలు తీసి ఆమె కళ్లకు పెట్టాను. దొడ్డికి దడి దొరికింది. సాలవ్వ గడప దాటింది, మెట్టు దిగింది, నిండు ఎండలో నిలబడింది. మొగుణ్ని కిందా మీదా చూసింది.

"ముసలోడివైనవ్."

"అద్దం నల్లగున్నది గద, గందుకే గట్ల కనవడ్తున్న."

"మీసాలు తెల్లగనే కనవడ్తున్నయి మరి!"

ఇద్దరూ నవ్వారు. నేను మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చాను.

డాక్టరు మాట తప్పలేదు. దసరా వెళ్లిన వారానికి గంగారాం దుకాణానికొచ్చాడు. ఆ జోడు తిరిగిస్తాడేమోనని ఆయన చేతుల వైపే చూశాను.

"చూపు పోయింది సేటూ. అయినా అద్దాలు తీస్తలేదు. తీస్తే నేను ఇంకింత ముసలోడినైతనట." దుకాణం బల్ల మీదికి వంగాడు. "నల్లద్దాల ముసలిదని ఊర్లె నవ్వుతున్నరు. నాకొకటియ్యి. ఇద్దరం పెట్టుకుంటే నన్నే చూసి నవ్వుతరు. నాకైతే అలవాటే."

చేతికందిన జోడు తీసి పెట్టుకున్నాడు. కాళ్లు వంచి చూడలేదు, స్టేషన్ దాకా నడవలేదు.

"మూడు దినాలు కట్టి చూడవా పటేలా?"

"నాకెందుకు? నా కండ్లు మంచిగనే ఉన్నయి గద!"

ఒక అద్దం ఆకుపచ్చది, రెండోది గోధుమరంగుది కావడంతో ఏడాదిగా ఎవరూ కొనక మూలన పడి ఉన్న జోడది. చెబుదామని నోరు తెరిచేలోగా ఆయన రుమాలు సర్దుకుని, ఎల్లారెడ్డి మోటారు వైపు షోకుగా నడిచి వెళ్లిపోయాడు.