సినిమాల గిట్లనే చూపించిన్రు

ఉపేందర్‌కు తాగుడు లేదు, పేకాట లేదు, ఎవరితోనూ పేచీ లేదు. ఉన్నదల్లా ఒక్కటే: సేద్యం సినిమాల పిచ్చి. పట్నంలో పెద్ద ఉద్యోగం వదిలేసి కొండ మీద మేకలు కాసుకునే జంట, చిటికెడు ఎరువు వేయకుండా ఎడారిలో దానిమ్మలు పండించిన ముసలాయన, కరెంటు లేని అడవిలో మట్టి ఇల్లు కట్టుకుని పిల్లల్ని పెంచిన తల్లి... ఇలాంటి సినిమా ఏ దేశంలో ఏ భాషలో తీసినా సరే, ఆదివారం మధ్యాహ్నానికి శంషాబాద్‌లోని ఉపేందర్ ఇంటి హాలు గోడ మీద ప్రొజెక్టరులో ఆడాల్సిందే. ఆడితే ఆడింది, ఎవరికీ నష్టం లేదు. సోమవారం పొద్దున్నే ఆ చూసిందంతా పెరట్లో చేసి చూపించడమే ఆయన భార్య శోభ ప్రాణం మీదికి వచ్చింది.

పెరడంటే సొంతం కాదు, పక్కనున్న ఖాళీ ప్లాటు. చెత్త పోయకుండా చూసుకుంటే చాలు, ఏదైనా పండించుకోండని దాని యజమాని అన్నాడు. పాపం, ఆయనకు ఉపేందర్ సంగతి తెలియదు.

శోభకు ఆ సినిమాలంటే ఒళ్లు మంట. వాటిలో ఎవరికీ నడుం నొప్పి రాదు. హీరోయిన్ తెల్లగౌను వేసుకుని బురదలో దుంపలు తవ్వుతుంది, గౌనుకు మరక అంటదు. వాన కథకు ఎప్పుడు కావాలో అప్పుడే కురుస్తుంది. విత్తనం మొలిస్తే వయొలిన్ మోగుతుంది. మహేశ్వరం దగ్గరి ఊళ్లో పుట్టి, చిన్నప్పుడు జొన్నచేలో కలుపు తీసిన శోభకు ఏనాడూ వయొలిన్ వినిపించలేదు. వినిపించినవల్లా వాళ్లమ్మ తిట్లే.

ఉపేందర్ మాత్రం ఎవరని? పుట్టింది కొత్తూరు దగ్గర రైతు ఇంట్లోనే. కానీ ఇరవై ఏళ్లుగా విమానాశ్రయం కార్గో షెడ్డులో డబ్బాలు ఎక్కించీ దించీ, తాతముత్తాతల విద్యను కూడా ఏదో విమానంలో ఎక్కించి పంపేశాడని శోభ ఒక నిశ్చయానికి వచ్చింది.

మొదట కోళ్లు. ఏదో సినిమాలో కోళ్లు బడిపిల్లల్లా వరుస కట్టి కలుపు ఏరుకు తిన్నాయట. ఈయన నాలుగు నాటుకోళ్లను పాలకూర మడిలో వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోళ్లు ఆ సినిమా చూడలేదు కదా! గంటలో పాలకూర మాయమైంది, కలుపు భద్రంగా మిగిలింది.

"ఏందయ్యా గిది?" అంది శోభ.

"సినిమాల గిట్లనే చూపించిన్రు."

శోభ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగింది. ఆ ఇంట్లో తిట్లయినా ముద్దుమాటలైనా విమానాలకు దారిచ్చాకే. అది పోయేదాకా ఆగి, శోభ ఆపిన చోట నుంచే అందుకుంది.

ఇదంతా నవ్వుకుని ఊరుకునే సంగతే, శోభ తండ్రి చెన్నయ్య ఆ ఇంట్లో లేకపోతే. ఊళ్లో ఆయన మెట్టచెల్క కాస్తా అన్నదమ్ముల పొత్తులో ప్లాట్లకు పోయింది. ఇప్పుడక్కడ పెద్ద కమాను, కమాను మీద పచ్చదనం గురించి ఇంగ్లిషులో నాలుగు మాటలు ఉన్నాయి. లోపల గడ్డిపోచ లేదు. భార్య అంతకుముందే పోయింది. ఒంటరివాణ్ని ఎట్లా వదలాలని శోభ బతిమాలి తెచ్చుకుంది. వచ్చాడే గానీ, ఆయనకు ముద్ద గొంతు దిగేది కాదు.

"బిడ్డ ఇంట్ల కూసొని తినుడు నాతోని కాదు. కొత్తూరుల కంపెనీ గేటు కాడ వాచ్‌మన్ పని ఉన్నదట, పోత" అనేవాడు పూటకోసారి. రెండు ధోతులు మడతపెట్టిన గుడ్డసంచి ఎప్పుడూ తలుపు పక్కనే తయారు. గుండెకు మందులు మింగే మనిషి, ఆ గేటు దగ్గర రేపు ఏమన్నా అయితే చూసే దిక్కెవరు? శోభ భయం అది. మొగుడి చేష్టలు చూడలేకే బాపు వెళ్లిపోతానంటున్నాడన్నది ఆమె నమ్మకం.

కోళ్ల నాడు కూడా చెన్నయ్య సంచి భుజాన వేసుకునే బయటికొచ్చాడు. మడి చూశాడు. సంచి కింద పెట్టాడు.

"ఓ అల్లుడా! కలుపేదో కూరేదో కోళ్లకు చెప్పినవా?"

"లే మామా. సినిమాల..."

"నీ సినిమా పాడుగాను! జరుగు అవుతలికి."

మడి మళ్లీ చదును చేసి, విత్తనాలు చల్లి, నీళ్లు చిలకరించేసరికి కొత్తూరు బస్సు ఎప్పుడో పోయింది. ఆ పూట ఆకలేస్తోందని ఆయనే అడిగి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

తర్వాత గడ్డి. భూమికి దుప్పటి కప్పాలని ఏదో సినిమాలో గడ్డపాయన సెలవిచ్చాడట. ఉపేందర్ ఎండుగడ్డి తెచ్చి, ఇంటిగోడ దాకా మోకాలెత్తున కప్పాడు. చెదలు శుభలేఖ అందినట్టు దిగాయి. గడ్డి తిన్నాయి, సొరపందిరి గుంజలు తిన్నాయి, ఇంకా ఆకలి తీరక వంటింటి తలుపు చౌకట్టు రుచి చూశాయి.

"వీడు ఇల్లును చెదలకు పెట్టెటట్టున్నడు బిడ్డా. గీ చౌకట్టు సంగతి చూసినంక పోత" అన్నాడు చెన్నయ్య. సంచి మళ్లీ తలుపు పక్కకు చేరింది.

ఆ తర్వాత నీళ్లు అక్కర్లేని మరుగుదొడ్డి. ఒక బకెట్, ఇంత రంపపు పొట్టు, అంతే. అడవిలో ఆ కుటుంబమంతా దాని మీదే హాయిగా బతికేసిందట.

"గది ఇంట్లకొస్తె నేను మా తల్లిగారింటికి పోత!" అని శోభ లేచింది.

"మీ తల్లిగారిల్లు మనింట్లనే ఉన్నది గదనే" అన్నాడు ఉపేందర్, మామ వైపు చూపిస్తూ.

చెన్నయ్య గోడవైపు తిరిగి దగ్గాడు. అది దగ్గులా లేదు గానీ, అప్పుడు శోభకు పట్టించుకునే ఓపిక లేదు.

ఇట్లా బకెట్లతో, చెదలతో ఎండాకాలం గడిచింది. ఒక ఆదివారం కొత్తూరు నుంచి కబురొచ్చింది, సోమవారమే పనిలో చేరమని. "ఇగ ఆగేది లేదు. పొద్దుగాల బస్సుకు పోత" అన్నాడు చెన్నయ్య. శోభ ఎంత చెప్పినా వినలేదు.

ఇంత జరుగుతుంటే ఉపేందర్ ఏం చేస్తున్నాడు? కిటికీలకు పరదాలు దించి, నీళ్ల పొదుపు మీద సినిమా పెట్టుకుని కూర్చున్నాడు. శోభకు మండిపోయింది.

"మా బాపు పోయిండంటే, నీ ప్రొజెక్టరును గదే మడిల బొందపెడ్త!"

"ముందుగాల మట్టి మంచిగ తడవాలె" అన్నాడాయన, గోడ మీది నుంచి చూపు తిప్పకుండా.

తెల్లారి పాలు పొయ్యి మీద పెట్టి శోభ కిటికీలోంచి చూసింది. పెరట్లో ఉపేందర్ పార పట్టుకున్నాడు. నడుం సరిగ్గా వంగింది, పార ఎక్కడ పడాలో అక్కడ పడుతోంది. కాలువ తీశాడు, గట్లు అదిమాడు, నీళ్లు వదిలాడు. నీళ్లు ఒక్కో మడి చివరిదాకా చెప్పినట్టు పోయి ఆగాయి. ఆయన నిలబడి వాటిని కాసేపు ముచ్చటగా చూసుకున్నాడు. శోభ పెళ్లయిన కొత్తలో చేలో చూసిన ఉపేందర్, అచ్చంగా ఆ మనిషే.

తర్వాత అటూ ఇటూ చూశాడు. మడమతో గట్టును ఒక్క తన్ను తన్నాడు. ఇంకో తన్ను తన్ని కాలువను వంటింటి గుమ్మానికి తిప్పాడు. ముఖానికి అమాయకత్వం తగిలించుకుని గొంతెత్తాడు.

"మామా! నీళ్లు ఇంట్లకొస్తున్నయే! సినిమాల గిట్లనే చూపించిన్రు!"

సంచి భుజాన వేసుకుని గడప దాటుతున్న చెన్నయ్య గిరుక్కున తిరిగాడు. సంచి ఎక్కడ పడిందో చూసుకోలేదు.

"నీళ్లు పల్లానికి పోతయని గూడ సినిమానే చెప్పాల్నా అల్లుడా? తే, ఆ పార ఇటు తే! నేను గేటు కాడ కూసుంటె ఈడ మీరు మునిగి సచ్చెటట్టున్నరు!" ధోతి ఎగ్గట్టి మడిలోకి దిగాడు. "బిడ్డా, ఆ కంపెనీ పిలగానికి ఫోన్ చెయ్యి, వేరేటోణ్ని చూసుకోమను. గీ అల్లునికి సేద్యం వచ్చేదాంక నేను యాడికి పోను. అది గీ జన్మల కాదు!"

శోభ చీలమండల దాకా నీళ్లలో నిలబడింది. కోళ్లు, గడ్డి, చెదలు, బకెట్... ఇన్నాళ్లు తిట్టిన తిట్లన్నీ వరుసగా గుర్తొచ్చాయి. సంచి బయటికి వచ్చిన ప్రతిసారీ పెరట్లో ఏదో ఒక కొంప మునిగింది. అది ఇప్పటిదాకా తట్టనందుకు తన మీద తనకే నవ్వొచ్చింది. ఉపేందర్ ఆమెను చూశాడు, కిటికీని చూశాడు, దొరికిపోయానని తెలుసుకున్నాడు. మామకు కనబడకుండా రెండు చేతులూ జోడించాడు. శోభ ఏదో అనబోయింది. విమానం వచ్చింది. అది పోయేసరికి అనాల్సిన మాట ఏమీ మిగల్లేదు.

లోపలికెళ్లి, గడపలో పడివున్న సంచి తీసి, అందులోని రెండు ధోతులనూ సబ్బునీళ్ల బకెట్లో ముంచింది.

వెనకాలే వచ్చిన ఉపేందర్ తొంగి చూశాడు. "మొన్ననే ఉతికినవ్ గదనే, మళ్ల ఎందుకు నానబెట్టినవ్?"

"సినిమాల గిట్లనే చూపించిన్రు" అంది శోభ.