మిగిలిన బెల్లం

కరీంనగర్‌లో డిగ్రీ చదువుతుండగా డిబేట్ పోటీల్లో నాకు జోడీగా వాదించిన మిత్రుడికి ఒక అలవాటు ఉండేది. నడుము బెల్టులోకి బొటనవేలు దూర్చి, ఎంత వదులైందో చూసుకునేవాడు. వదులైనప్పుడల్లా కంపాసు ముల్లుతో కొత్త రంధ్రం పొడిచేవాడు. ఆకలిని చంపి నిద్రను తరిమే ఉత్ప్రేరక మాత్రలు మింగుతున్నాడని నాకొక్కడికే తెలుసు.

“ఎందుకురా?” అని నిలదీశాను.

“నాకు పోరగాళ్లే నచ్చుతరని నీకెర్కనే గదా. గీ బొర్ర పొట్టను ఏ పోరడు తిరిగి చూస్తడు? అవ్వకైతే చెప్పకు.”

చెప్పనని మాటిచ్చాను.

కొడుకు డిగ్రీ పూర్తయితే వేములవాడలో నిలువెత్తు బంగారం ఇస్తానని వాళ్లవ్వ మొక్కుకుంది. బంగారమంటే అక్కడ మనిషి తూకానికి సరిపడా బెల్లం. మొక్కునాడు నేనూ వెళ్లాను. నిరుటి బరువును బట్టి తెచ్చిన బెల్లాన్ని ఒక్కో ముద్దగా తీసేస్తున్నా, అతను కూర్చున్న తక్కెడ పళ్లెం కిందికి దిగలేదు. అతని ముఖంలో మాత్రం పోటీ గెలిచినప్పటి నవ్వు.

“జర సక్కగ కూసో బిడ్డా” అన్న అవ్వ, మిగిలిన బెల్లం చూసి నావైపు తిరిగింది. “గింత బరువు ఏడవోయింది? నీకెర్కనా?”

చెప్పొద్దన్నట్టు అతను నాకేసి తల అడ్డంగా ఊపాడు. మాత్రలు ప్రాణం తీయగలవు. ఎవరు నచ్చుతారన్నది మాత్రం అతని సొంత విషయం.

“బక్కగయ్యేటందుకు గోలీలు మింగుతుండు, పెద్దమ్మా” అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

ఆనాటి నుంచి అతను నాతో మాట్లాడలేదు. నిరుడు హుజూరాబాద్ బస్టాండులో దూరం నుంచి చూశాను. అలవాటు కొద్దీ బెల్టులోకి బొటనవేలు దూర్చబోయాడు. నిండిన నడుముకు బెల్టు బిగిసి, వేలు పట్టలేదు.