మేడం పట్టుకుపోయిన చాటలు

మహబూబున్నీసా మేడం ఎవరింటికి వచ్చినా వట్టి చేతులతో తిరిగి వెళ్లేది కాదు. ఆడపిల్లల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేది. మాట మెత్తన, నడక మెత్తన, చూపు మాత్రం జనం ఇళ్లలోని సామాన్ల మీద. "రెండు రోజులు ఇస్తరా, ప్రయోగం ఉంది" అనేది. జవాబు వచ్చేలోపు వస్తువు సంచిలోకి వెళ్లిపోయేది. ఆమె వాడ మలుపు తిరిగిందంటే ఆడవాళ్లు గిన్నెలు లోపల పెట్టుకుని తలుపులు దగ్గరగా వేసుకునేవాళ్లు.

వెలుగు ఎట్లా వెనక్కి మళ్లుతుందో చూపడానికి మంగలి దుకాణం అద్దం పట్టుకుపోయింది. ఆ పూట క్షౌరం చేయించుకున్నవాళ్లు మూతి ఉందో లేదో తడిమి చూసుకుంటూ ఇంటికి పోయారు. కూరగాయలామె తరాజు పట్టుకుపోతే ఆ రోజు వంకాయలన్నీ చేతి అంచనా మీద అమ్ముడుపోయాయి. మర్నాటికల్లా తుడిచి తెచ్చి ఇచ్చేది, అది వేరే సంగతి.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడి మూతపడింది. టీచర్లంతా రోడ్డు మీద టెంటు వేసుకుని దీక్షకు కూర్చున్నారు. మేడమూ కూర్చుంది. కూర్చున్నదే గానీ మనసంతా ఒక పోటీ మీదే. బతుకమ్మ పండుగ దాటాక పట్నంలో ఒక కాలేజీవాళ్లు పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం పోటీ పెడుతున్నారు. ముగ్గురు ఒక జట్టు. గెలిస్తే ఇంటర్ రెండేళ్లూ ఉచితంగా చదివిస్తారు. మేడం ముగ్గురిని ఏరింది. దర్జీ వాళ్ల ఉమైమా, టిఫిన్ బండి నర్సింహ కూతురు స్వరాజ్యలక్ష్మి, ఎల్లవ్వ మనవరాలు ఎస్తేరు. ముగ్గురి ఇళ్లలోనూ పదో తరగతి తర్వాత చదువనే మాట లేదు.

పేర్లు ఎక్కించడానికి ఆఖరి రోజున ఇర్షాద్ నెట్ సెంటర్లో కరెంటు పోయింది. మేడం నేరుగా టెంటు దగ్గరికి వెళ్లి జనరేటర్ అడిగింది. మైకు పట్టుకున్నాయన అప్పుడే తన ఉపన్యాసంలో రెండో గంటలోకి దిగుతున్నాడు. నలుగురు లేచి జనరేటర్ మోసుకెళ్లారు. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పేర్లు ఎక్కిన తర్వాత కూడా, తొందరేం లేదు, నింపాదిగా ఇవ్వండి మేడం అని టెంటులోంచి కబురొచ్చింది.

ఎస్తేరు నాయనమ్మ ఎల్లవ్వ రెండో తరగతి దాకా చదివి, మిగతాది తనకు తెలిసినదేనని బడి మానేసిన మనిషి. ఆమె నోటికి బీడీ కార్ఖానా మేనేజరే జడిసేవాడు. ఇంట్లో రెండు చాటలు. ఒకటి ఎల్లవ్వ ఒళ్లో, ఒకటి ఎస్తేరు ఒళ్లో. తంబాకు పోసుకుని పొద్దంతా బీడీలు చుట్టడమే. మేడం వచ్చి ఎస్తేరు చాట అడిగింది, గాలిలో ఎట్లా పడుతుందో చూడాలని. పిల్లల చదువు కదా అని ఎల్లవ్వ ఇచ్చింది.

నాలుగు రోజులైనా రాలేదు. ఎల్లవ్వ తిట్టుకుంటూ అంగడికి వెళ్లి కొత్త చాట కొన్నది. సాయంత్రానికి మేడం దిగింది.

"ఇది గూడ గావాలె అవ్వా."

"ఒకటి ఉన్నది గద మేడం నీ తాన?"

"అది పాతది, ఇది కొత్తది. రెండు పక్కపక్కన ఇడిచి చూడాలె."

ఆ తర్వాత కత్తెర పోయింది. ఎస్తేరు ఆకు కత్తిరించే కత్తెర.

ఊరంతా ఇదే గోల. ఉమైమా కాజాలు కుట్టే మిషన్ బెల్టు పోయింది. నర్సింహ రోలుకు పొత్రం లేక బండి మీద చట్నీ మాయమై కారప్పొడి వెలిసింది. తినేవాళ్లు నీళ్లు తాగుతూ తిట్టారు.

తన బావి గిరక పట్టుకుపోయిన మేడం మర్నాడే తెచ్చిచ్చిందని పక్కింటి కొమురవ్వ చెప్పింది. తరాజు వచ్చింది, అద్దం వచ్చింది. మరి ఎల్లవ్వ చాటలు? బీదింటి సామాను గనుక చులకనైపోయిందా? ఎల్లవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. దారి పొడుగునా తిట్లు పేర్చుకుంటూ మేడం ఇంటికి పోయింది.

లోపల పిల్లలు ముగ్గురూ లెక్క మీద కొట్లాడుకుంటున్నారు. అందరికంటే పెద్ద గొంతు ఎస్తేరుది. దారపుండ అడగడానికి తప్ప ఇంట్లో నోరు విప్పని పిల్ల, ఉమైమా చేతిలోంచి చాక్‌పీస్ లాక్కుని, బరువును మర్చిపోయినవ్ అని గద్దిస్తోంది. ఎల్లవ్వ గడప దగ్గరే ఆగిపోయింది.

మూలన రెండు చాటలు, కత్తెర, బెల్టు, పొత్రం ఉన్నాయి. అన్నిటి మీదా దుమ్ము.

చాయ్ పట్టుకుని వచ్చిన మేడం ఆమెను చూసి తడబడింది.

"ప్రయోగం అయిందా?" అన్నది ఎల్లవ్వ.

"నడుస్తనే ఉందవ్వా."

"దుమ్ము పట్టింది గద."

"గదే చూస్తున్నం, ఎంత పడ్తదో."

అబద్ధం చెప్పడం కూడా రాని మనిషి. ఎల్లవ్వ మూల వైపు మళ్లీ చూసింది. చాట ఇంట్లో ఉంటే ఎస్తేరు ఒళ్లోనే ఉండేది. బెల్టు ఉంటే ఉమైమా మిషన్ ముందు, పొత్రం ఉంటే స్వరాజ్యలక్ష్మి రోటి ముందు ఉండేవాళ్లు. బడి మూతపడిన ఇన్ని రోజులూ ఈ పిల్లలు చాప మీద కూర్చుని ఎట్లా చదువుకున్నారో అప్పుడు తెలిసింది. పేర్చుకొచ్చిన తిట్లలో ఒక్కటీ పనికిరాలేదు. చాయ్ తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మేడం, మా ఇంట్ల బిందె గూడ ఉన్నది. పొద్దుగాల లేస్తే పోరి గది పట్టుకొని నల్లా కాడ నిలబడ్తది. దాంతోని ఏమన్న ప్రయోగం ఉన్నదా?"

మేడం నవ్వు ఆపుకుంది. "ఉన్నదవ్వా. పెద్దదే. పోటీ అయ్యేదాంక పడ్తది."

మర్నాడు నల్లా దగ్గర వరుసలో ఎల్లవ్వ బకిట్ పట్టుకుని నిలబడింది. నడుము పీకినప్పుడల్లా భౌతికశాస్త్రం కనిపెట్టినవాళ్లను, పేర్లు తెలియకపోయినా, ఏడు తరాలు కలిపి తిట్టింది.

"బిందె గూడ పట్టుకపోయిందా గామె?" అని జాలిపడింది కొమురవ్వ.

"పట్టుకపోవుడేంది? నేనే పోయి ఇచ్చొచ్చిన" అన్నది ఎల్లవ్వ తల ఎగరేసి. "మా బిందె లేంది వాళ్ల ప్రయోగం ముందటికి పోతలేదట."