దావీదు ట్యాంకు మీది దుమ్ము

గోదావరిఖని చరిత్రను ఎవరైనా సమగ్రంగా రాయదలిస్తే, బొగ్గు బాయిలు తవ్విన సంవత్సరాల కంటే ముందు ‘ఉఫ్’ అనే శబ్దానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ఇక్కడి మనిషి కుర్చీలో కూర్చునే ముందు ఉఫ్ అని ఊదుతాడు. పుస్తకం తెరిచే ముందు ఊదుతాడు. ఇప్పుడే కడిగి బోర్లించిన కప్పునైనా ఒకసారి ఊది గానీ అందులో చాయ్ పోయనివ్వడు. బొగ్గు పొడి ఉంటే ఊదుతాడు, లేకపోతే అలవాటు పోకుండా ఊదుతాడు. పెళ్లిచూపులకు వేరే ఊరు పోయిన ఇక్కడి కుర్రాడు పెళ్లికూతురి వాళ్ల సోఫాను ఊది కూర్చున్నాడనీ, ఆ సంబంధం అంతటితో ఆగిపోయిందనీ చెప్పుకుంటారు. రాజ్యాలు కూలడానికి ఇంతకంటే చిన్న కారణాలు సరిపోయాయి కాబట్టి నమ్మవచ్చు.

ఈ సంప్రదాయంలో శాంతిరాజ్‌ది అగ్రపీఠం. బాయిలో ఎలక్ట్రీషియన్. ముప్పై ఏళ్లకు పైగా భూమి లోపల స్విచ్చు డబ్బాల మూతలు తీసి, లోపలి దుమ్ము ఊది, మళ్లీ మూతలు బిగించడం ఆయన ఉద్యోగం. అంత సాధన చేసిన ఊపిరి మామూలుగా ఉండదు. చర్చిలో ఆయన కొవ్వొత్తి ఆర్పితే పక్కన వెలిగేవి కూడా ఆరిపోయేవి.

ఆ ఊపిరి దెబ్బకే ఒకనాటి సాయంత్రం దావీదు ట్యాంకు గొట్టం ఊడి కింద పడింది.

దావీదు అంటే శాంతిరాజ్ భార్య హన్నాకు స్వయానా అన్న. బాయిల మీద సెక్యూరిటీ గార్డుగా రిటైరైనా, అంతకుముందు పదిహేనేళ్లు సైన్యంలో ట్యాంకు నడిపిన మనిషి. రాజస్థాన్ ఇసుకలో నడిపాడు. సైన్యం వదిలి వచ్చేనాడు ఆయన పై అధికారి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టి, నీ బండిని నీ వెంటే తీసుకుపో అన్నాడట. పెట్టెలో ఉన్నది ప్లాస్టిక్ ట్యాంకు. అసలుదానిలో ముప్పై అయిదో వంతు. విడి ముక్కలుగా వస్తే కొన్నవాళ్లే అతికించుకోవాలి.

దావీదు అతికించాడు. యుద్ధానికి పోయే ఉత్సాహంతో అతికించాడు. ముక్కకు రెండు చుక్కలు సరిపోయే చోట జిగురును జొన్న గట్కలా పూశాడు. ఇంటి గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగును మందంగా పులిమాడు. ఒకవైపు చక్రాలు నేలకు ఆనవు. రబ్బరు పట్టీలు చీలితే దారం కట్టాడు. ఫిరంగి గొట్టమైతే ముందుకు వంగి, శత్రువును క్షమాపణ అడుగుతున్నట్టు నేల చూపులు చూసేది. అయినా హాల్లో, టీవీ పక్కన, తాను ఇసుకలో ట్యాంకు మీద నిలబడి దిగిన ఫొటో కింద దానికి ప్రత్యేకంగా ఒక బల్ల వేయించాడు. ఇంటికి ఎవరొచ్చినా చీపురు పుల్లతో చూపిస్తూ, తను కూర్చున్న చోటు ఏదో, తల బయటపెట్టిన మూత ఏదో చెప్పకుండా చాయ్ తాగనిచ్చేవాడు కాదు.

గొట్టం ఊడినందుకు శాంతిరాజ్ భయపడడానికి కారణం ట్యాంకు కాదు, రేడియో. కొన్నేళ్ల కిందట దావీదు రేడియోలో చిన్న గరగర వస్తుంటే, అడగకుండానే విప్పి బాగుచేశాడు శాంతిరాజ్. గరగర పోయింది. దాని వెంట రేడియో కూడా పోయింది. ఆ ఏడాదంతా దావీదు చెల్లెలి గడప తొక్కలేదు. క్రిస్మస్ ఆరాధనలో అన్నాచెల్లెళ్లు ఒకే బెంచీకి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు కూర్చున్నారు. చివరికి పాస్టరు కూర్చోబెట్టి మాట్లాడితే దావీదు మెత్తబడ్డాడు గానీ, అందరి ముందూ ఒక మాట అన్నాడు.

“శాంతీ, ఇంకోపారి నా సామాను మీద చెయ్యేస్తివంటె, నాకు చెల్లె లేదనుకుంట. నిన్ను ఇడిసిపెడుడు కాదు, ఆమెను ఇడిసిపెడ్త.”

దావీదు మాట మీద నిలబడే మనిషి. హన్నాకు తోడబుట్టినవాడు ఆయనొక్కడే.

ఇప్పుడు దావీదు, భార్య సుసన్నాతో కరీంనగర్ పోయి ఉన్నాడు. కంట్లో శుక్లం తీయించుకుని, అక్కడే మరదలి ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నాడు. మొక్కలకు నీళ్లు పోయమని తాళంచెవి హన్నాకు ఇచ్చారు. ఆమెకు ఆ సాయంత్రం ప్రార్థన కూటం ఉండి, మొగుణ్ణి పంపింది. మొక్కలకు నీళ్లు పోసిన శాంతిరాజ్, ట్యాంకు మీద నల్లగా పేరుకున్న దుమ్ము చూశాడు. చూసి, ఈ ఊరివాడు ఎవడైనా చేసే పనే చేశాడు.

ట్యాంకును తువ్వాలలో చుట్టి, డ్యూటీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. హన్నా తువ్వాల విప్పి చూసింది.

“ఊదినవా?”

“ఊదిన.”

“ఎంత గట్టిగ?”

“ఎప్పటి లెక్కనే.”

హన్నా కుర్చీలో కూర్చుంది. ఊదకుండా కూర్చుంది. పరిస్థితి తీవ్రత శాంతిరాజ్‌కు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

ఫోను చేసి చెప్పేద్దామన్నాడు. కోపం, ఏడుపు రెండూ కంటికి మంచివి కావని డాక్టరు చెప్పిన సంగతి ఆమె గుర్తుచేసింది. ఆఖరుకు ఒక ఒప్పందం కుదిరింది. గొట్టం అతికించాలి. గొట్టం ఒక్కటే. ఇంకో ముక్క మీద వేలు పెట్టకూడదు. దావీదు ఆదివారం వచ్చేసరికి ట్యాంకు దాని బల్ల మీద ఉండాలి. శాంతిరాజ్ బైబిలు మీద కాకపోయినా దాని పక్కన చెయ్యి వేసి ఒప్పుకున్నాడు.

మర్నాడు ఫస్టు షిఫ్టు దిగివచ్చి, అన్నం తిని, కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాడు. విరిగిన చోట జిగురు ఒక్కటే నిలవదని చూడగానే తెలిసింది. గొట్టం మొదట్లో సన్నని బెజ్జం వేసి, కేబులు లోంచి తీసిన రాగి తీగ ముక్కను మేకులా దించి, రెండో కొసను ట్యాంకు తలలోకి గుచ్చాడు. జిగురు పట్టేదాకా గొట్టాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకోవాలి. పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఓపెన్ కాస్ట్ గనిలో, పేలుడుకు ముందు కూసే బ్లాస్టింగ్ సైరన్ మోగింది.

మధ్యాహ్నపు బ్లాస్టింగ్ ఈ కాలనీలకు రోజూ ఉండేదే. ఆ వేళకు ఆడవాళ్లు అలవాటుగా గిన్నెల దొంతర మీద ఒక చెయ్యి వేస్తారు. శాంతిరాజ్ రెండు చేతులూ ట్యాంకు మీదే ఉన్నాయి. ఇల్లు కదిలింది, కిటికీ రెక్కలు గలగలమన్నాయి, బల్ల ఒక జానెడు జరిగినట్టనిపించింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. జీవితంలో మొదటిసారి, ఊదడానికి కాకుండా ఊదకుండా ఉండడానికి. దుమ్ము మెల్లగా దిగింది. గొట్టం కదల్లేదు. తిన్నగా, తల ఎత్తుకుని, కరీంనగర్ వైపు గురిపెట్టి నిలబడింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. గొట్టం తిన్నగా నిలబడేసరికి, చక్రాలు వంకరగా ఉన్న సంగతి బయటపడింది. చక్రాలు ఊడదీసి సరిచేస్తే, వాటి మీది రేకుల అంచులు రొట్టెముక్కలంత మందంగా కనబడ్డాయి. వాటిని లోపలి వైపు నుంచి బ్లేడుతో గీకి పలచన చేస్తే, గేటు రంగు కింద పూడిపోయిన బోల్టులు తలలెత్తి చూశాయి. నా సంగతేమిటి అన్నట్టు ఒకదాని వెంట ఒకటి పిలిచాయి. రెండు రోజులు గడిచేసరికి ట్యాంకు హన్నా ఇడ్లీ పళ్లెం గుంటల్లో విడి ముక్కలుగా పంచబడి ఉంది.

“గొట్టం ఒక్కటే అంటి గదా,” అంది హన్నా.

“గొట్టం తిన్నగైనంక మిగిలినదంత వంకర కనవడ్డది.”

“అన్న పోయినప్పుడు కన్ను మసక. ఇప్పుడు కొత్త కన్నుతోని వస్తుండు. జెరంత గీత పడ్డా కనవడ్తది ఆయినకు. మసక కన్ను ఉన్నప్పుడే రేడియోకు ఏడాది దూరమాయె.”

శాంతిరాజ్ ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు. కానీ విప్పినదాన్ని పాత వంకరల ప్రకారమే బిగించడం చేతకాని విద్య. ముందుకు పోవడమే మిగిలింది. దావీదు ఇంట్లోని పాత అట్టపెట్టెలో, ముక్కలు విరుచుకోగా మిగిలిన ప్లాస్టిక్ కాడను తెచ్చి, కొవ్వొత్తి మీద వేడిచేసి లాగితే వెంట్రుకంత దారం వచ్చింది. దాన్ని జిగురుతో తడిపి కీళ్ల వెంబడి అతికించి, సూదితో నొక్కితే అచ్చం వెల్డింగ్ గీతల్లా తేలాయి. రాగి పోగులు వంచి, సైనికులు ఎక్కేటప్పుడు పట్టుకునే కమ్ములు చేశాడు. మరికొన్ని పోగులు పేని లాగుడు తాడు చేశాడు. చీలిన పట్టీలను లోపలి నుంచి తీగతో కుట్టాడు. ఒక్కదాన్ని మాత్రం ముట్టే ధైర్యం రాలేదు. ట్యాంకు తల మీద దావీదు తన చేత్తో తెల్లగా రాసుకున్న బండి నంబరు. అంకెలు సంతకు పోతున్న మేకల్లా తలా ఒక దిక్కు చూస్తున్నాయి. వాటి మీద టేపు అంటించి, చుట్టూ పాత రంగు గీకి, పలచగా కొత్త రంగు వేసి, మళ్లీ టేపు తీశాడు.

శుక్రవారం సాయంత్రం సుసన్నా ఫోను చేసింది. కన్ను బాగుందని డాక్టరు అన్నాడనీ, ఆదివారందాకా ఆగకుండా రేపు పొద్దున్నే బయలుదేరుతున్నామనీ చెప్పింది. మీ అన్నకు ఇంటి మీద బెంగ పట్టిందని కూడా చెప్పింది. హన్నా ఫోను పెట్టేసి మొగుడి వైపు చూసింది. రంగు ఇంకా తడిగానే ఉంది.

శనివారం పొద్దున శాంతిరాజ్ డ్యూటీకి పోలేదు. వెలుతురులో పెట్టి చూశాడు. ట్యాంకు పెళ్లికొడుకు కారులా నిగనిగలాడుతోంది. గుడ్డివాడికైనా అనుమానం వస్తుంది. దీన్ని పాతబరచాలి. వాడిన బండికి మురికి ఉండాలి. మురికి కోసం ఈ ఊళ్లో ఎవరూ వెతుక్కోనక్కర లేదు. కిటికీ గడప మీది నల్లటి పొడిని కుంచెతో ఎత్తి, చక్రాల సందుల్లో, రేకుల మూలల్లో, బోల్టుల చుట్టూ ఓపికగా అద్దాడు. నిగనిగ చచ్చిపోయింది. ఏళ్ల తరబడి నడిచిన ఇనుము తయారైంది. తన జీవితంలో ఇంత చక్కటి పని చేయలేదనుకున్నాడు.

దావీదు ఇంటికి పోయి, బల్ల మీద ట్యాంకు పెట్టి, సరిచూసుకోవడానికి తలెత్తి గోడ మీది ఫొటో చూశాడు. ఇసుకలో ట్యాంకు. దాని చక్రాలూ రేకులూ మూలలూ అన్నీ పసుప్పచ్చగా, పిండి చల్లినట్టు ఉన్నాయి. ఎక్కడా నలుపు లేదు. మురికికి నలుపు కాక ఇంకో రంగు ఉంటుందన్న సంగతి, అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న శాంతిరాజ్‌కు అప్పుడు తట్టింది. రాజస్థాన్‌లో నడిచిన బండిని ఆయన బాయిలోకి దింపి తెచ్చాడు.

తుడుద్దామని తువ్వాల తీశాడు. గేటు ముందు ఆటో ఆగింది.

దావీదు నల్ల కళ్లద్దాలతో, సుసన్నా భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు. వెనకనే హన్నా. ఆయన సంచి కింద పెట్టలేదు, మంచినీళ్లు అడగలేదు, నేరుగా బల్ల దగ్గరికి పోయాడు. ట్యాంకును రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. పెదవులు సున్నాలా చుట్టాడు. శాంతిరాజ్ కళ్లు రాగి తీగ దించిన చోట నిలిచిపోయాయి.

ఉఫ్.

నల్లటి పొడి చిన్న మబ్బులా లేచి, హాలు మధ్య కాసేపు నిలబడి, అందరి మీదా సమానంగా దిగింది. గొట్టం ఊడలేదు.

“ఇన్నొద్దులల్ల ఎవ్వలు దులపలేదా చెల్లె?” అన్నాడు దావీదు. అని, డాక్టరు వద్దన్న పని చేశాడు. కళ్లద్దాలు తీసి, కిటికీ వెలుగులో ట్యాంకును మెల్లగా తిప్పి చూశాడు. హన్నా కొంగు కొస వేలికి మూడు చుట్లు చుట్టుకుంది.

“శాంతీ.”

“ఆ, బావా.”

“ఈ గొట్టం.”

శాంతిరాజ్ చేతిలోని తువ్వాలను వెనక్కి దాచాడు.

“ఎప్పుడు సూసినా వంగినట్టే కనవడేది నాకు. ఇప్పుడు సూడు, తిన్నగున్నది. ఇన్నేండ్లు నా కన్నుదే తప్పు.” వేలితో అంచు తడిమాడు. “వెల్డింగ్ గీతలు గూడ కనవడ్తున్నయి. గీ కమ్ములు ఎప్పుడన్న సూసిన్నా నేను? పెట్టిన యాదే లేదు. ఆ డాక్టరు పనోడు సుసన్నా. నేను ఉత్తగనే అనుమానపడ్డ.”

శాంతిరాజ్ నోరు తెరిచాడు. నాలుగు రోజుల రాగి తీగ, కొవ్వొత్తి, బ్లేడు, సూది, అన్నీ ఒక్కసారిగా నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. హన్నా పాదం ఆయన పాదం మీదికి వచ్చి, మొత్తం బరువుతో నిలబడింది. ఆయన నోరు మూసుకున్నాడు.

“మంచి డాక్టరే బావా,” అన్నాడు.

మర్నాడు ఆరాధనలో దావీదు చెల్లెలి పక్కనే కూర్చున్నాడు. ఆ డాక్టరు చేతుల కోసం పాస్టరుతో ప్రత్యేకంగా ప్రార్థన చేయించాడు. శాంతిరాజ్ లేచి నిలబడి, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. రెండో కన్ను కూడా ఆ డాక్టరు చేతనే చేయించుకోవాలని దావీదు అక్కడే తేల్చేశాడు.

బుధవారానికి ట్యాంకు మీద మళ్లీ నల్లటి దుమ్ము పడింది.