రెండు చింతపిక్కలు, ఒక తెల్లపిల్ల

నా చిన్నప్పుడు చేయని తప్పొకటి ఒప్పేసుకున్నాను. అప్పుడు మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. పక్కింటి అక్క కాలేజీలో జువాలజీ చెప్పేది. పోర్టులో పారేసిన పెట్టెచెక్కలతో చేయించిన గూట్లో నల్ల గినీపిగ్గుల జంటను పెంచేది. వేసవి సెలవులకు గోదావరి వైపు సొంతూరికి వెళ్తూ వాటిని నాకు అప్పజెప్పింది. తొమ్మిదేళ్లదాన్ని, ఇక నా కాళ్లు నేల మీద ఆనితేనా!

రెండు నెలల తర్వాత, అక్క తిరిగొచ్చే రోజు ఉదయమే ఆడది ఈనింది. మూడు పిల్లల్లో రెండు నల్లవి, ఒకటి తెల్లది. వెనక వీధిలో ఎవరిదో తెల్ల గినీపిగ్గు ఉండేది. మా నాయనమ్మకు అది చాలు. నేను గూటి తలుపు తీసి వదిలేస్తే ఆ తెల్లది దూరిందని తేల్చేసింది. నిజం చెప్పేదాకా రానివ్వనని నన్ను సామాన్ల గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

ఆ గదికి కిటికీ లేదు. ఉక్కపోతకు ఒళ్లంతా తడిసిపోయింది. గూడు తీయలేదని ఎన్నిసార్లు ఏడ్చినా గొళ్లెం కదల్లేదు. చివరికి తీశానన్నాను. వెంటనే తలుపు తెరుచుకుంది. బయటికొచ్చాక ఇంకా ఇరుక్కుపోయాను. ఎప్పుడు తీశావు, అది ఎటునుంచి వచ్చింది అని అడుగుతుంటే ఒక్కొక్కటీ కల్పించాల్సి వచ్చింది.

సాయంత్రం అక్క రాగానే నాయనమ్మ అంతా చెప్పేసింది. ఇక అక్క నన్ను గూటి దరిదాపులకు రానివ్వదని బెంగతో చచ్చిపోయాను.

అక్క తెల్లపిల్లను కాసేపు చూసి, నాయనమ్మ అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు రెండు అడిగింది. అరగదీసిన ఆ పిక్కలకు ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. ఒకటి తల్లి, ఒకటి తండ్రి అంది. ఏ ఒక్కటి నల్లగా పడినా పిల్ల నల్లదే, రెండూ తెల్లగా పడితేనే తెల్లది. నాయనమ్మ చేతే వేయించింది. ఐదోసారి రెండూ తెల్లగా పడ్డాయి. ఆ నల్ల జంట లోపల పుట్టినప్పటినుంచీ తెలుపు దాగి ఉండొచ్చని, బయటినుంచి ఏదీ దూరక్కర్లేదని అక్క నెమ్మదిగా చెప్పింది.

నాయనమ్మ నా వైపు తిరిగింది.

"మరి తీసినానని నువ్వే సెప్పినావు గదే?"

అక్కే అందుకుంది.

"తీయలేదంటే గొళ్లెం తీసేవారా మామ్మగారూ?"

నాయనమ్మ పిక్కలు కొంగున కట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అక్క తెల్లపిల్లను నా ఒళ్లో పెట్టింది.

పెద్దయ్యాక నేనూ బడిలో పంతులమ్మనయ్యాను. నా ముందు నిలబడ్డ ఏ పిల్లయినా తల దించుకుని తప్పు నాదేనంటే, ముందు లేచి వెళ్లి గది తలుపు బార్లా తెరిచేదాన్ని. ఆ తర్వాతే మళ్లీ అడిగేదాన్ని.